స్వయంచాలిత సూచనలు, చాట్‌బాట్ సంభాషణలు

బ్యాంకు ఖాతా నుండి రొక్కము తీసిన మరుక్షణముననే ఫోనునకు చేరు సందేశము, వెయిటింగు లిస్టులో నున్న రైలు టిక్కెట్టు ఖరారైనదని తెలుపు కబురు, కరెంటు బిల్లు గడువు రేపటితో తీరిపోవునను హెచ్చరిక, వాట్సాప్‌లో నమస్కారమని వ్రాసినంతనే ఏ సేవ కావలెనో ఎన్నుకొనుడని ఎదుట నిలుచు జాబితా, ఇవి యన్నియు నేడు ఏ గుమాస్తాయు కూర్చుండి వ్రాసి పంపునవి కావు. ఒక సంఘటన జరిగినప్పుడు మానవుని ప్రేరణ లేకయే దానికి సంబంధించినవారికి వార్త నందించుటయు, వినియోగదారుడు పలికిన మాటకు మానవుని జోక్యము లేకయే తగిన సమాధానము నిచ్చుటయు అను రెండు పనులను సాఫ్ట్‌వేరు తనంతట తాను నిర్వహించు విధానములే ఈ వ్యాసమునకు విషయము. మొదటిదానికి నోటిఫికేషన్ అనియు, రెండవదానికి చాట్‌బాట్ సంభాషణ అనియు వాడుక.

మొదటిదానియందు యంత్రము ముందుగా పలుకును. రెండవదానియందు మనుష్యుడు ముందుగా పలుకును. బయటికి ఇంత భేదము కానవచ్చుచున్నను లోపలి నిర్మాణమున రెండింటికిని దగ్గర చుట్టరికము గలదు. జరిగిన సంఘటనను గుర్తించుట, నియమమును వెదకుట, వాక్యమును కూర్చుట, పంపినదానిని నమోదు చేయుట అను మెట్లు ఉభయసామాన్యములు. చిరకాలము వేర్వేరు దారుల నడచిన ఈ రెండును 2015 తరువాత మెసెంజరు యాప్‌లలో కలిసికొనినవి. సందేశమును పంపుట యెన్నడును కష్టమైన పని కాలేదు. ఎప్పుడు పంపరాదో, పంపినదానిని ఎట్లు ఉపసంహరింపవలెనో, ఎచ్చట యంత్రము తాను తప్పుకొని మనుష్యునికి చోటీయవలెనో నిర్ణయించు భాగమే కష్టమైనది. ఆ భాగమునకు రావలసినంత ప్రాధాన్యము చాల ఆలస్యముగా వచ్చినది.

సూచనల పుట్టుపూర్వములు

కాలనియమము ననుసరించి పనులను తనంతట తాను జరిపించు ‘క్రాన్’ అను కార్యక్రమము 1979లో వెలువడిన యూనిక్స్ 7వ కూర్పులో నుండెను. నియమిత సమయము రాగానే అప్పగించిన ఆజ్ఞను నెరవేర్చుటయే దాని పని. ఈనాటికిని నెలసరి వాయిదా హెచ్చరికలలో ననేకము దాని సంతతి కార్యక్రమములే పంపుచున్నవి. ఆ మరుసటి సంవత్సరమున కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారి యూనిక్స్ కూర్పులో, ఉత్తరము వచ్చినదని తెరమీద తెలుపు ‘బిఫ్’ అను చిన్న కార్యక్రమము చేరెను. అది అచ్చటి విభాగమున తిరుగాడు ఒక కుక్క పేరు. ఆ కుక్క పోస్టుమానును చూచి మొఱిగెడిది గనుక ఆ పేరు వచ్చినదను కథ చక్కగా అతికినట్లుండును గాని కల్పితమే.

కంప్యూటరు ఎదుట లేనివానికి కబురందించు శక్తి సెల్‌ఫోనుతో వచ్చినది. సంక్షిప్త సందేశమున కెన్ని అక్షరములు చాలునని 1980 దశకపు నడుమ జర్మనుడగు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ తన టైపురైటరు మీద మామూలు వాక్యములను కొట్టి లెక్కించి, పోస్టుకార్డుల మీది వ్రాతలను, టెలెక్సు సందేశములను గూడ పరిశీలించి, 160 అక్షరములు చాలునని నిశ్చయించెను. 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను యువ ఇంజనీరు కంప్యూటరు నుండి ఒక వొడాఫోన్ అధికారి ఫోనునకు పంపిన క్రిస్మస్ శుభాకాంక్ష మొదటి సంక్షిప్త సందేశము. అది ఫోను నుండి ఫోనునకు గాక కంప్యూటరు నుండి ఫోనునకు పోయినదనుట గమనింపదగినది. ఆ మార్గము యంత్రముల రాయబారమునకు మొదటినుండియు అనుకూలముగనే యుండెను.

భారతదేశమున ఈ మార్గమును నిత్యావసరముగ మార్చినది బ్యాంకింగు. ఇంటర్నెట్టు మీద కార్డుతో చేయు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణము ఉండితీరవలెనని రిజర్వు బ్యాంకు విధించిన నియమము 2009 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ ధ్రువీకరణమునకు ఫోనునకు వచ్చు ఓటీపీయే కాలక్రమమున సర్వసాధారణ సాధనమయ్యెను. అక్షరజ్ఞానము అంతంతమాత్రముగ నున్నవారును ఓటీపీ యను మాటను ఎఱుగుదురు.

స్మార్టుఫోనులు వచ్చిన పిదప మరియొక చిక్కు పుట్టినది. ఫోనులోని ప్రతి యాపును తన సర్వరును మాటిమాటికి పలుకరించి క్రొత్త సమాచారమేమని అడుగుచుండినచో బ్యాటరీ గంటలలో ఇంకిపోవును. దీనికి విరుగుడుగా ఫోను ఆపరేటింగు వ్యవస్థను నిర్మించు సంస్థ తానే ఒక ఎడతెగని సంబంధమును నిలుపుకొని, యాప్‌ల సందేశములన్నింటిని ఆ ఒక్క దారినే తెచ్చి యిచ్చు పద్ధతి ఏర్పడెను. ఆపిల్ సంస్థ ఈ సేవను 2009 జూనులోను, గూగుల్ ఆండ్రాయిడ్ నిమిత్తము 2010లోను ప్రారంభించినవి. గూగుల్ సేవ 2012లో ఒకమారును 2016లో మరియొకమారును పేరును రూపమును మార్చుకొని నేడు ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అను పేర చలామణిలో నున్నది. ఈ పద్ధతిలో ఒక్కొక్క ఫోనులోని ఒక్కొక్క యాపునకు టోకెను అనబడు పొడవైన సంకేతమొకటి లభించును. అదియే దాని చిరునామా. యాపును తీసివేసినప్పుడు టోకెను మృతమగును. మృతమైన టోకెనులను ఏఱివేయక వానికి పంపుచునే యుండుట ఈ రంగమున మిక్కిలి తఱచుగా కానవచ్చు అశ్రద్ధ.

లోపలి యంత్రాంగము

ఒక సూచన పుట్టి ఫోను తెరమీద వెలుగువఱకు నడచు దారిని చూతము. ఆర్డరు బయలుదేరినది, రొక్కము జమయైనది, పరీక్షాఫలితము వెలువడినది అనునట్టి సంఘటన మొదట నమోదగును. ఆ సంఘటనకు ఎవరికి కబురు పంపవలెనో నియమములు తేల్చును. ఆ మనుష్యుడు ఏ మార్గమును, ఏ భాషను, ఏ వేళలను కోరుకొనెనో అతని ఇష్టానిష్టముల పట్టిక తెలుపును. అటుపిమ్మట ముందుగా వ్రాసియుంచిన టెంప్లేటులోని ఖాళీలు పేరుతోను, మొత్తముతోను, తేదీతోను నింపబడి, సందేశము క్యూలో చేరి, తన వంతు రాగానే టెలికాము సంస్థకో, ఆపిల్, గూగుల్ సేవలకో అప్పగింపబడును. ప్రధానమైన పనికిని కబురు పంపు పనికిని నడుమ ఈ క్యూ యుండుట అత్యావశ్యకము. లేనిచో సందేశము పంపు సర్వరు కుంటుపడినప్పుడు చెల్లింపే నిలిచిపోవును; కబురు కొఱకు కార్యము చెడరాదు.

ఇందులో సూక్ష్మమైన సమస్య మరియొకటి గలదు. సందేశమును అప్పగించిన పిదప, అందినదను రసీదు దారిలో పోయినదనుకొందము. పంపినవానికి తెలియునది రసీదు రాలేదనుట మాత్రమే. సందేశము పోలేదో, రసీదు రాలేదో భేదము తెలియదు. తిరిగి పంపినచో రెండుమారులు చేరవచ్చును, పంపనిచో అసలే చేరకపోవచ్చును. నెట్‌వర్కు ఏదైనను ఈ సందిగ్ధము పూర్తిగా తొలగునది కాదు. కావున తిరిగి పంపుటనే నియమముగా నుంచుకొని, ప్రతి సంఘటనకు ఒక విశిష్టసంఖ్యను కట్టి, అదే సంఖ్య గలది రెండవమారు వచ్చినచో చేరుచోటనే త్రోసివేయు పద్ధతిని ప్రోగ్రామర్లు అవలంబింతురు. ఐదువందల రూపాయలు ఒక్కమారు పోయి, పోయినవను సందేశము రెండుమారులు వచ్చినవాని గుండెదడ ఎట్టిదో ఎఱిగినవారికి ఈ చిన్న సంఖ్య విలువ తెలియును. తిరిగి పంపుటలో సైతము ఒక మర్యాద కలదు. ఒక సేవ మూలబడినప్పుడు వేలకొలది కార్యక్రమములు ఒకే క్షణమున దానిమీద బడి మరల మరల తట్టినచో అది లేవనే లేవదు. కావున ప్రతి ప్రయత్నమునకు నడుమ వ్యవధిని రెట్టింపు చేయుచు, ఆ వ్యవధిని కొంచెము యాదృచ్ఛికముగా మార్చుచు పోవుదురు.

కాలగణనము వలని తప్పులు మన దేశపు ప్రోగ్రామర్లకు ప్రత్యేకముగా ఉచ్చుల వంటివి. ఇచ్చట దేశమంతటికి ఒకే కాలమానము, గడియారములను ఋతువు ననుసరించి త్రిప్పు ఆచారము లేదు. హైదరాబాదులో ఉదయము 9 గంటలకు పంపుమని వ్రాసిన సందేశము డాలస్ నగరములోని తెలుగువారికి ముందురాత్రి తొమ్మిదిన్నరకో పదిన్నరకో మ్రోగును. ఏది యగునో ఋతువుపై ఆధారపడియుండును. అంతియే గాదు, మార్చి నెలలో ఒక ఆదివారమున అచ్చట తెల్లవారుజామున 2 గంటలకు 3 గంటలకు నడుమ కాలమే యుండదు. నవంబరులో ఒక ఆదివారమున 1 గంట మొదలు 2 గంటల వఱకు గల కాలము రెండుమారులు గడచును. ఈ సంగతి తెలియని కార్యక్రమము మొదటి దినమున రెండున్నర కబురును ఎగవేయును, రెండవ దినమున ఒంటిగంటన్నర కబురును రెండుమారులు చాటును.

టెంప్లేట్ల నమోదు, 2021 మార్చి ఉదంతము

పంపుట చౌకయైనకొలది అనవసరమైన సందేశములు వెల్లువయైనవి. భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థయగు ట్రాయ్ 2010లో వాణిజ్య సందేశములపై నిబంధనలను ప్రకటించి, రాత్రి 9 గంటల నుండి ఉదయము 9 గంటల వఱకు ప్రచార సందేశములను నిషేధించెను. అవి చాలకపోగా 2018లో మరింత గట్టి నిబంధనలు వచ్చెను. వీని ప్రకారము సందేశములు పంపు ప్రతి సంస్థయు తన్ను తాను టెలికాము సంస్థలవద్ద నమోదు చేసికొనవలెను. పంపువాని గుర్తుగా కనబడు హెడరును, సందేశముల టెంప్లేట్లను సైతము ముందుగా నమోదు చేయవలెను. పంపు ప్రతి సందేశమును ఆ టెంప్లేటుతో సరిపోల్చి, సరిపోలనిదానిని దారిలోనే ఆపివేయవలెనని ఏర్పాటు.

ఈ సరిపోల్చుట 2021 మార్చి 8వ తేదీన అమలునకు రాగా, దేశమందు ఓటీపీలును బ్యాంకు సందేశములును పెద్దయెత్తున నిలిచిపోయెను. మోసగాండ్రను ఆపుటకు కట్టిన అడ్డుకట్ట వద్ద తొలుత చిక్కుకొనినవి నిజాయితీ గల సంస్థల సందేశములే. ఏలయన వానిలో పెక్కు తమ టెంప్లేట్లను నమోదు చేయకయో, నమోదైనదానికిని పంపినదానికిని నడుమ మాటలు తేడాగా నుంచియో యుండెను. మరునాడే ట్రాయ్ ఆ ఏర్పాటును ఏడు దినములు నిలిపివేయవలసివచ్చెను. నియమము మంచిదే యని ఈ వ్యాసకర్త తలంపు. కాని సందేశమును ఆపు యంత్రము కూడ స్వయంచాలితమే యనియు, దాని పొరపాటు పంపు యంత్రపు పొరపాటు కన్న ప్రమాదకరము కావచ్చుననియు ఆ సోమవారము తెలియజేసినది.

అపాయ సూచనలు

ఉప్పెన, పిడుగుపాటు, వరద వంటి విపత్తులలో పంపు హెచ్చరికలకు మార్గమే వేరు. పూర్వము తలారి టముకు వేసినప్పుడు ఊరిలో నున్నవారందఱు వినినట్లు, సెల్ బ్రాడ్‌కాస్టు అను పద్ధతిలో ఒక టవరు పరిధిలో నున్న ఫోనులన్నియు ఒకేమారు మ్రోగును; ఎవరి నంబరును తెలియనక్కఱ లేదు, సందేశములు వరుసలో నిలిచి జాప్యమగుట యుండదు. భారత ప్రభుత్వము ఈ పద్ధతిని 2023లో వివిధ రాష్ట్రములలో పరీక్షించినప్పుడు, జేబులలోని ఫోనులు ఒక్కపెట్టున కూతపెట్టగా ఉలికిపడినవారు తెలుగునాట సైతము పెక్కుమంది.

ఇట్టి బలమైన సాధనము తప్పు పలికినచో ఏమగునో హవాయి ద్వీపములలో 2018 జనవరి 13వ తేదీన బయటపడెను. బాలిస్టిక్ క్షిపణి వచ్చుచున్నదనియు ఇది అభ్యాసము కాదనియు ఉదయము 8 గంటల 7 నిమిషములకు ఆ రాష్ట్రములోని ఫోనులన్నింటికి హెచ్చరిక పోయినది. అది నిజము కాదు. ఉద్యోగులు వంతు మారు వేళ జరిగిన అభ్యాసమును ఒక ఉద్యోగి యథార్థమని భ్రమించెను. తప్పు కొలది నిమిషములలోనే తెలిసినను, అదే మార్గమున సవరణ ప్రజలకు చేరుటకు 38 నిమిషములు పట్టినది. పంపుటకు టెంప్లేటు సిద్ధముగ నుండెను. ఉపసంహరించుటకు టెంప్లేటు లేకుండెను. ఒక్కని చేతిమీదుగా, రెండవవాని సమ్మతి లేకయే, రాష్ట్రమంతటికి సందేశము పోగలుగు ఏర్పాటును విచారణ జరిపినవారు తప్పుపట్టిరి. నాటి గవర్నరు డేవిడ్ ఇగే తన ట్విట్టరు ఖాతాలోనికి ప్రవేశించు విధము తెలియక ప్రజలకు వెంటనే చెప్పలేకపోతినని తరువాత ఒప్పుకొనెను. సూచనలు పంపు ఏ యాపును నిర్మించువారైనను మొదట సిద్ధపఱచుకొనదగిన టెంప్లేటు, ఇంతకు మునుపు పంపిన సందేశము పొరపాటు అని చెప్పునది.

మితిమీరిన సూచనలను గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. విలువ లేని కబురులతో విసిగినవాడు విలువైన కబురును సైతము చూడకయే తుడిచివేయును. ఆండ్రాయిడ్ 2017లో సూచనలను తరగతులుగా విభజించి ఒక్కొక్క తరగతిని వేఱుగా మూయు సదుపాయమును కల్పించెను. 2022 కూర్పు నుండి యాపు సూచన పంపుటకు ముందు అనుమతి కోరవలెనను నియమము వచ్చెను. ఆపిల్ ఫోనులు మొదటినుండియు అనుమతి నడిగెడివి. 2021లో ఆపిల్ అత్యవసరము కానివానిని ప్రోగుచేసి నియమిత వేళ చూపు ఏర్పాటును జోడించెను. ఓటీపీకిని పండుగ తగ్గింపు ధరల ప్రకటనకును ఒకే తరగతిని వాడు సంస్థలు ఇప్పటికిని లేకపోలేదు. అది సాంకేతికలోపము కాదు, మర్యాదాలోపము.

సంభాషణా యంత్రములు

యంత్రము మానవునితో సంభాషించి, తాను యంత్రమని తెలియకుండ మెలగగలదా యను ప్రశ్నను ఆంగ్ల గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1950లో లేవనెత్తెను. దానికి సమాధానముగా గాక, దానిని పరిహసించునట్లుగ వెలువడినది ‘ఎలిజా’. బెర్లినులో జన్మించి బాల్యముననే అమెరికా చేరిన జోసెఫ్ వైజెన్‌బామ్ దీనిని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున నిర్మించి 1966 జనవరిలో ప్రకటించెను. దీని నిర్మాణము మిక్కిలి సరళము. ఎదుటివాని వాక్యములో ముఖ్యపదమును వెదకి, దాని చుట్టునున్న మాటలను విడదీసి, నేనును నీవుగాను నాకును నీకుగాను మార్చి, ప్రశ్నరూపమున తిరిగి అప్పగించును. మా అమ్మ నన్ను పట్టించుకొనుట లేదని వ్రాసినవానికి, మీ కుటుంబమును గూర్చి ఇంకను చెప్పుడని అనును. ముఖ్యపదము దొరకనిచో ఏదో తటస్థవాక్యమును పలుకును, లేదా మునుపు చెప్పినదానిని గుర్తుచేయును. రోగి మాటనే రోగికి మరలించు మనోవైద్యుని పాత్రను దానికి వేయుటలో వైజెన్‌బామ్ నేర్పు కలదు. లోకజ్ఞానము ఏమియు లేకున్నను తప్పు కనబడని పాత్ర యదియొక్కటియే.

ఆ కార్యక్రమము తయారగుటను నెలలతరబడి కన్నులార చూచిన ఆయన కార్యదర్శిని, దానితో నాలుగు మాటలాడినంతనే, తమ సంభాషణ ఏకాంతముగ సాగుటకు ఆయనను గది వెలుపలికి పొమ్మని కోరెను. వైజెన్‌బామ్ దానికి సంతోషింపలేదు, భయపడెను. యంత్రమున కొప్పగింపదగని పనులు కలవని వాదించుచు 1976లో ఆయన వెలువరించిన గ్రంథమునకు ఈ అనుభవము మూలకారణములలో నొకటి. చాట్‌బాట్‌ల చరిత్రలో దీనిని మించిన పరిశోధన జరుగలేదని చెప్పిన అతిశయోక్తి గాదు. యంత్రము తెలివిని గూర్చి గాక, యంత్రముతో మాటలాడు మనుష్యుల బలహీనతను గూర్చి అది తెలిపినది. తరువాత స్టాన్‌ఫర్డులో మనోవైద్యుడు కెన్నెత్ కోల్బీ, అనుమానపిశాచము పట్టిన రోగివలె మాటలాడు ‘ప్యారీ’ని నిర్మించెను. 1972లో ఈ వైద్యయంత్రమును ఆ రోగియంత్రమును ఆర్పానెట్టు అను నాటి కంప్యూటరు జాలము మీదుగా ముఖాముఖి మాటలాడించిరి. ఫలితము వినోదమునకు మాత్రము పనికివచ్చెను.

వినోదమును విడిచి ఉపయోగమును చూపినది 1977లో జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున వెలువడిన ‘గస్’ అను కార్యక్రమము. విమానప్రయాణమున కావలసిన వివరములు ఎచ్చటికి, ఏ తేదీన, ఏ వేళకు అనునవి కొన్ని గళ్ళుగా నుంచుకొని, ప్రయాణికుని మాటలనుండి తెలిసినవానిని నింపి, మిగిలినవానిని మాత్రము అడుగుట దాని రీతి. నేడు బస్సు టిక్కెట్టు నమ్ము బాట్ కాని, వైద్యుని అపాయింటుమెంటు నిచ్చు బాట్ కాని ఈ గళ్ళ పద్ధతినే అనుసరించుచున్నది. వేలకొలది ప్రశ్నోత్తరములను చేతితో వ్రాసి నిర్మించిన రిచర్డ్ వాలెస్ గారి ‘ఆలిస్’ 1995లో మొదలయ్యెను. తరువాతి తరమున వాక్యములోని ముఖ్యపదమును గాక వాక్యపు ఉద్దేశమును గుర్తించుటకు యంత్రమునకు ఉదాహరణలతో శిక్షణ యిచ్చు పద్ధతి ప్రబలెను. ఇందులో యంత్రము తన ఊహ యెంత గట్టిదో ఒక సంఖ్యగా చెప్పును. ఆ సంఖ్య నిర్ణీతమైన హద్దునకు లోబడినప్పుడు తెలియలేదని ఒప్పుకొని మరల అడుగవలెను. ఈ హద్దును ఎచ్చట నుంచుటయను దానిలోనే నిర్మాత వివేకము కానవచ్చును.

2015 జూనులో టెలిగ్రామ్, 2016 ఏప్రిలులో ఫేస్‌బుక్ మెసెంజరు, 2018 ఆగస్టులో వాట్సాప్ సంస్థల బాట్‌లకు ద్వారములు తెరచుటతో సూచనయు సంభాషణయు ఒకే కిటికీలోనికి వచ్చెను. వాట్సాప్ నియమము ఇచ్చట గమనింపదగినది. వినియోగదారుడు వ్రాసిన పిదప 24 గంటల వఱకు సంస్థ స్వేచ్ఛగా బదులు చెప్పవచ్చును. ఆ గడువు దాటినచో ముందుగా ఆమోదము పొందిన టెంప్లేటును మాత్రమే, అదియు అతడు సమ్మతించియున్నప్పుడే, పంపవలెను. మాటలాడు హక్కు మనుష్యుడు ముందుగా మాటలాడుట వలన సంక్రమించునను భావమును ఇంత చక్కగా నియమముగ మలచినది మరియొకటి లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30వ తేదీన ‘మన మిత్ర’ యను పేర వాట్సాప్ ద్వారా పౌరసేవలను ప్రారంభించెను. తొలివిడతగా 161 సేవలను ప్రకటించిరి. ధ్రువపత్రముల వంటివానికి జాబితాలో నుండి ఎన్నుకొనుచు పోవు పద్ధతియే మేలు. తెలివిగా మాటలాడు యంత్రముల కాలమున జాబితా చూపుట వెనుకబాటని కొందఱు భావింతురు గాని, కావలసిన కాగితములు, చెల్లింపవలసిన రుసుము ముందుగనే నిర్ణీతమై యున్నచోట స్వేచ్ఛాసంభాషణ వలన పెరుగునది పొరపాటు మాత్రమే.

2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణముపై పెరిగిన బృహద్భాషా నమూనాలు, 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ఈ రంగమును తలక్రిందులు చేసినవి. ఇవి నియమములను వెదకవు, తరువాత రాదగిన పదము నూహించుచు వాక్యమును అల్లును. కావున ఎవ్వరును వ్రాసిపెట్టని ప్రశ్నకు సైతము సమాధానము చెప్పగలవు, అంతే ధారాళముగా లేనిదానిని కల్పించియు చెప్పగలవు. దీనికి ప్రతిక్రియగా, సంస్థయొక్క పత్రములలో సంబంధించిన భాగమును ముందుగా వెదకి తెచ్చి, దానిని ఎదుట నుంచి, దానినుండియే సమాధానము కూర్పుమని ఆదేశించు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చెను. ఇది కల్పనను తగ్గించును, రూపుమాపదు. ఖాతానిలువ, టిక్కెట్టు స్థితి వంటివానిని నమూనా నోట పలికింపక, నేరుగా దత్తాంశము నుండి తీసి టెంప్లేటులో చూపుటయే నేటికిని సురక్షితమార్గము.

తెలుగున కెదురగు చిక్కులు

సంక్షిప్త సందేశములో ఆంగ్లాక్షరములు 160 పట్టును గాని, తెలుగు 70 మాత్రమే పట్టును. సందేశము పొడవై ముక్కలైనప్పుడు ముక్కకు 67. ఈ లెక్కయు కంటికి కనబడు అక్షరములది కాదు, యూనికోడు సంకేతములది. ‘స్త్రీ’ యను ఒక్క అక్షరమునకు ఆరు సంకేతములు కావలెను. ఆంగ్లమున ఒక సందేశమునకగు ఖర్చుతో పోయెడి సమాచారము తెలుగున రెండు, మూడు సందేశములగును. సంస్థలు తెలుగు టెంప్లేట్లను ఏల తప్పించుకొనునో దీనివలన కొంత తెలియును.

టెంప్లేటులో పేరును నింపుట మరియొక చిక్కు. పేరునకు ప్రక్కన ‘కు’ అని వ్రాసియుంచినచో సీతకు, పద్మకు చక్కగా కుదురును. రవి వచ్చినప్పుడు ‘రవికు’ అని వికారమగును. ఇకారాంతములకు ‘కి’ వచ్చునని వ్యాకరణము చదివినవాడెవ్వడును చెప్పగలడు, కాని ఖాళీలు నింపు యంత్రమునకు ఎవ్వరును చెప్పలేదు. ‘గారికి’ అని వ్రాసినచో పేరు ఏదైనను విభక్తి చెడదు, గౌరవమును నిలుచును. ఒక దెబ్బకు రెండు పిట్టలు. మర్యాద విషయమున నేటి నమూనాలు సైతము తప్పు చేయుచున్నవి. మీరు అని మొదలుపెట్టి మూడవ వాక్యమునకు నువ్వులోనికి జారు బాట్‌తో పెన్షను తీసికొను పెద్దలు మాటలాడ నిచ్చగింపరు.

వినుటలో నున్న కష్టము అంతకన్న పెద్దది. టిక్కెట్టు రద్దు చేయండి, టిక్కెట్టు రద్దయిందా, టిక్కెట్టు రద్దు చేసుకోవచ్చా అను మూడింటను ముఖ్యపదము ఒక్కటే. మొదటిది ఆజ్ఞ, రెండవది విచారణ, మూడవది సందేహము. భేదమంతయు క్రియాపదపు తోకలో నున్నది. ఆ తోకను పట్టని యంత్రము సందేహము నడిగినవాని టిక్కెట్టును రద్దు చేయును. పైగా ఫోనులలో తెలుగువారు పెక్కుమంది రోమను లిపిలోనే వ్రాయుదురు. అందులో దీర్ఘములు నిలువవు, ట కార త కారముల భేదము నిలువదు, నడుమ ఆంగ్లపదములు యథేచ్ఛగా వచ్చిపోవుచుండును. 2022లో మొదలైన కేంద్రప్రభుత్వ భాషిణి పథకము, చెన్నై ఐ.ఐ.టి.లోని ఏఐ4భారత్ బృందపు కృషి ఈ దిశగ ఆశాజనకములు. ఈ కృషిలో తయారగు భాషా నమూనాలకు ఆహారము కావలసినది గ్రంథములలోని తెలుగు గాక, జనులు నిజముగ టైపు చేయు తెలుగు.

బాధ్యత ఎవరిది?

మైక్రోసాఫ్టు సంస్థ 2016 మార్చిలో ట్విట్టరుపై వదలిన ‘టే’ అను బాట్, మాటలాడువారి నుండియే మాటలు నేర్చుకొనుటచే, ఒక్క దినము తిరుగకమునుపే ద్వేషవాక్యములు పలుకుచు ఉపసంహరింపబడెను. అది నవ్వులాటగ ముగిసినది. కెనడాలో జరిగినది నవ్వులాట కాదు. 2022 నవంబరులో అవ్వ మరణింపగా ప్రయాణము చేయవలసివచ్చిన ఒకనికి, ఆప్తమరణ సందర్భమున నిచ్చు తగ్గింపు ధరను ప్రయాణానంతరము సైతము 90 దినములలోపల కోరవచ్చునని ఎయిర్ కెనడా సంస్థ చాట్‌బాట్ తెలిపెను. అది సంస్థ నియమమునకు విరుద్ధము. తరువాత అడుగగా సంస్థ నిరాకరించెను. వివాదము బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు పౌరవివాద పరిష్కార ట్రైబ్యునలు ఎదుటికి పోగా, చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యత వహింపదగిన వేఱొక వ్యక్తి వంటిదను ధోరణిలో సంస్థ వాదించెను.

ఈ వాదము వినుటకు వింతగ నున్నను, బాట్‌లను నడపు అనేక సంస్థల ఆచరణ దీనికి దూరముగ లేదు. మనుష్యునితో మాటలాడవలెనని పదేపదే కోరినను ఆ ద్వారమును చూపక అదే జాబితాను తిప్పి తిప్పి చూపు బాట్‌లు అడుగడుగున ఎదురగుచున్నవి. అప్పగింత సక్రమముగ జరుగవలెనన్నచో, అంతవఱకు జరిగిన సంభాషణ యంతయు ఉద్యోగి తెరమీదికి రావలెను, చెప్పినదే మరల చెప్పించుట కూడదు, బాట్ ఆనాడు ఏ పత్రము నాధారముగ నేమి చెప్పెనో నమోదై యుండవలెను. ఆ నమోదు లేనిచోట తగవు తీర్చుటయే అసాధ్యము. కెనడా ప్రయాణికుడు తెరచిత్రమును దాచియుంచుకొనుటచే నిలువగలిగెను. సమాచారము స్థిరపత్రము నుండి వచ్చినను చాట్‌బాట్ నుండి వచ్చినను సంస్థ వెబ్‌సైటులోని సమస్తమునకు సంస్థయే బాధ్యురాలని ట్రైబ్యునలు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పి, వడ్డీతోను రుసుములతోను కలిపి 812 కెనడా డాలర్ల పైచిలుకు అతనికి చెల్లింపుమని ఆదేశించెను.